నూనె నీళ్ళలో కలవదా?

— ఫైనల్ బి.ఎస్సీ. (జంతుశాస్త్రం) విద్యార్థి, వత్సవాయి

మా వైపు ఇద్దరికి పొసగకపోతే "వాళ్ళిద్దరూ నూనే నీళ్ళూ" అంటారు. గ్లాసుడు నీళ్ళలో నూనె పోసి ఎంత గిలకొట్టినా కాసేపటికి మళ్ళీ దేని దారి దానిదే. చిన్నప్పటి నుంచీ కళ్ళారా చూస్తున్న ఈ సంగతిని అందరిలాగే నేనూ నమ్మాను. నమ్మి ఒక తప్పు చేశాను. జంతుశాస్త్రం చదవడానికి వచ్చిన తర్వాత గాని అది ఎంత తప్పో తెలియలేదు. ఆ సంగతి చెప్పుకుంటూనే, మంచినీటి ఏరుల్లో, చెరువుల్లో చమురు పడితే చేపలకూ తక్కిన జలచరాలకూ ఏమి జరుగుతుందో వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

మాది వత్సవాయి మండలం. మొన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. డెల్టా వాళ్ళు మమ్మల్ని మెట్టవాళ్ళంటారు. మున్నేరు మా మండలం మీదుగా పోతుంది. పోలంపల్లి దగ్గర దానికి ఆనకట్ట ఉంది. వానాకాలంలో ఒడ్లొరసి పారే మున్నేరు, ఎండలు ముదిరేసరికి ఇసుకలో అక్కడొకటీ ఇక్కడొకటీ మడుగులుగా మిగిలిపోతుంది. ఏటిలోని చేపలన్నీ ఆ కాసిని మడుగుల్లోనే తలదాచుకుని, తొలకరి నీళ్ళు రాగానే మళ్ళీ ఏరంతా పాకుతాయి.

ఇంటర్ పరీక్షలు రాసి ఇంటి దగ్గరున్న వేసవిలో ట్రాక్టరుకు ఆయిలు మార్చే పని మా నాన్న నాకు అప్పజెప్పాడు. బండిని మడుగు ఒడ్డుకు తోలుకుపోయి కింద నట్టు విప్పాను. ఏడు లీటర్ల నల్లటి పాత ఆయిలు గులకరాళ్ళ మీదుగా నీళ్ళలోకి జారింది. గ్రీజు పట్టిన చోట్ల రెండు లీటర్ల డీజిలు పోసి కడిగాను. నీళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగులు తేలాయి. చూడటానికి బాగాలేదని సబ్బు పొడి చల్లి కర్రతో కలియబెట్టాను. రంగులు మాయమయ్యాయి. పీడా పోయిందనుకుని ఇంటికొచ్చేశాను.

రెండో రోజు సాయంత్రం ఆ మడుగులో వలేసుకునే తాత మా ఇంటి ముందు గంప దించాడు. "పరిగెలన్నీ వెల్లకిలా తేలినయ్యి మనవడా. నాలుగు కొర్రమీనులు దొరికితే పేటకు తీసుకుపోయా. వాసన చూసి ఒక్కరూ కొనలేదు" అన్నాడు. మా నాయనమ్మ జాలిపడి ఒక చేప తీసుకుని కూర చేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేందిరా, కిరసనాయిలు కంపు కొడతాంది" అని పక్కన పెట్టేసింది. మా నాన్న నా వైపు చూశాడు. నేను కంచం వైపు చూశాను. ఎవరమూ ఏమీ అనలేదు.

పాతిక సెంట్ల లెక్క

తొమ్మిది లీటర్లు ఒక ఏటికి ఒక లెక్కా అని అనుమానం రావచ్చు. మనకు తెలిసిన సెంట్లలోనే లెక్క వేద్దాం. ఒక లీటరు నూనెను ఒక మైక్రాను మందాన, అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన పరిస్తే అది వెయ్యి చదరపు మీటర్లకు సరిపోతుంది. అంటే దాదాపు పాతిక సెంట్లు. ఏడు లీటర్లకైతే ఎకరం డెబ్బై సెంట్లు! నీళ్ళ మీద మనకు కనబడే ఇంద్రధనుస్సు రంగులకు మైక్రానులో మూడో వంతు మందం ఉన్నా చాలు.

ఈ వింతను చాలాకాలం క్రితమే బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరీక్షించి చూశాడు. లండన్‌లోని క్లాఫం మైదానంలో ఒక చెరువులో టీ చెంచాడు నూనె పోస్తే అర ఎకరం మేర నీరు అద్దంలా నిశ్చలమైపోయిందట. ఈ సంగతి 1774లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయనకు అది అలలను అణచే ఉపాయంగా తోచింది. నీళ్ళలో ఉన్న జీవికైతే అది ఇంటి మీద పరిచిన కప్పు.

నీటిలో పడ్డ నూనె మూడు భాగాలుగా విడిపోతుంది. పైన తేలేది, లోపల కరిగేది, అడుగుకు దిగేది. మనం చూసేది మొదటిదాన్నే. చూడనివి తక్కిన రెండూ.

పైన తేలేది

నీటి పైపొర మీద ఆధారపడి బతికే ప్రాణులు ఎన్నో ఉన్నాయి. మడుగు మీద కాళ్ళు తడవకుండా పరుగెత్తే పురుగులను అందరం చూసే ఉంటాం. నీటికి ఉన్న తలతన్యత వల్లనే వాటికి ఆ విద్య సాధ్యమైంది. నూనె పొర ఆ తలతన్యతను తగ్గించగానే అవి మునిగిపోతాయి. దోమ పిల్లలు తోక దగ్గరి గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీలుస్తాయి. నూనె ఆ గొట్టాన్ని మూసేస్తుంది.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్, ఆ తర్వాత దోమల నిర్మూలనకు నీటి గుంటల్లో నూనె పోయించమని ప్రచారం చేశాడు. మురుగు గుంటల మీద మలేరియా వాళ్ళు చల్లే ఆయిలు వెనుక ఉన్న సూత్రం ఇదే. మురుగు గుంటలో దోమను చంపడానికి మనం తెలిసి వాడే ఆయుధాన్నే, ఏటిలో తెలియకుండా అన్నింటి మీదా వాడుతున్నామన్నమాట. నూనెకు దోమ పిల్ల ఏదో, దాన్ని తినే ఈత పురుగు ఏదో తెలియదు కదా!

కొర్రమీను సంగతి మరీ విచిత్రం. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంది. అందుకే ఇతర చేపలు చచ్చే బురదనీటిలో సైతం అది బతుకుతుంది. మార్పు చేప కూడా అంతే. "కొర్రమీను ప్రాణం గట్టిది" అని మా ఊళ్ళో అంటారు. కానీ గాలి కోసం అది పైకి రాక తప్పదు. వచ్చిన ప్రతిసారీ నూనె పొరను చీల్చుకుని, ఆ పొర మీది ఆవిరినే మింగాలి. ఏ శక్తి దాన్ని ఎండాకాలం దాటిస్తుందో ఆ శక్తే ఇక్కడ ముప్పు తెస్తుంది.

నీటి కోడి, నీటి కాకి, కొంగ వంటి పక్షులకు రెక్కల ఈకలే గొడుగు. ఈకలకు నూనె అంటితే నీరు లోపలికి దిగి ఒంటి వేడి పోతుంది. ముక్కుతో దువ్వుకుంటూ ఆ నూనెను మింగుతాయి. ఈ విధంగా ఏటి పైపొర నుంచి విషం ఒడ్డు మీది చెట్టుదాకా పోతుంది.

లోపల కరిగేది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నూనె నీళ్ళలో కలవదన్న మాట సగమే నిజం. డీజిలు, పెట్రోలు, ముడి చమురు ఇవేవీ ఒకే పదార్థం కావు. వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమాలు. వాటిలో పొడుగాటి గొలుసులున్నవి నీటిలో దాదాపు కరగవు. బెంజీన్, టాలీన్, నాఫ్తలీన్ వంటి వలయాకారపు పదార్థాలు మాత్రం కొద్దికొద్దిగా కరుగుతాయి. పెట్రోలు వంటి పలచని చమురులో ఇవి ఎక్కువ. కొంత గాలిలోకి ఆవిరైపోయినా, ఆవిరయ్యే లోపల చేయవలసిన హాని చేస్తాయి. వాడి తీసిన ఇంజన్ ఆయిలులోనైతే మసితో పాటు వచ్చే బహువలయ హైడ్రోకార్బన్లూ, అరిగిన యంత్ర భాగాల లోహాలూ అదనం. కొత్త ఆయిలు కంటె పాత ఆయిలు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

చేప మొప్ప అంటే పలచని రేకుల దొంతర. రక్తానికీ నీటికీ మధ్య సన్నని పొర తప్ప అడ్డు లేదు. ప్రాణవాయువు తేలికగా లోపలికి రావాలని ప్రకృతి అలా చేసింది. ఆ దారినే కరిగిన చమురు కూడా వస్తుంది. మొప్పల పొర వాచి, జిగురు పేరుకుని, చేప ఉక్కిరిబిక్కిరవుతుంది. లోపలికి చేరినది కొవ్వులో నిలుస్తుంది. మా నాయనమ్మ నోటికి తగిలిన కంపు అదే. చేప బతికి ఉన్నా సరే, సంతలో చచ్చినదాని కింద లెక్క.

చేపకు కాలేయం ఉంది కనుక బహువలయ హైడ్రోకార్బన్లను విరిచి పైత్యరసం ద్వారా బయటకు పంపుకోగలదు. పెద్ద చేప కొన్ని వారాలు మంచి నీటిలో ఉంటే చాలావరకు తేరుకుంటుంది. గుడ్డుకూ, అప్పుడే పొదిగిన పిల్లకూ ఆ శక్తి చాలదు. ఏర్పడుతున్న గుండె మీదే దెబ్బ పడుతుంది. గుండె చుట్టూ నీరు చేరుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. పైకి బాగానే కనిపించే పిల్ల కూడా సరిగా ఈదలేక మరో చేపకు ఆహారమవుతుంది. పిల్లల ఒళ్ళు గాజులా పారదర్శకం కావడం వల్ల ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి చమురును మరింత విషంగా మారుస్తాయి.

ఇందుకు ప్రసిద్ధమైన దృష్టాంతం అలాస్కాలో ఉంది. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు, సముద్రంలో కలిసే చిన్న చిన్న ఏరుల నోటి దగ్గర గులకరాళ్ళలో పింక్ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే చోట్లకూ చమురు చేరింది. ఆ ఏరుల్లో 1993 దాకా గుడ్లు మామూలు కంటె ఎక్కువగా చనిపోతూ వచ్చాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. చచ్చి తేలిన చేపను లెక్కపెట్టవచ్చు. పుట్టని చేపను ఎవరు లెక్కపెడతారు?

ఇక నేను చల్లిన సబ్బు పొడి మాట. సబ్బు నూనెను పోగొట్టదు. సన్నని తుంపరలుగా విరగగొట్టి నీటిలో కలిపేస్తుంది. పైన ఉండి కొంత ఆవిరైపోవలసిన దాన్ని నా చేతులతో నేనే చేప మొప్పలకు అందించానన్నమాట. 1967 మార్చిలో టోరీ కేనియన్ అనే ఓడ ఇంగ్లండు తీరంలో రాళ్ళకు తగిలి చమురు ఒలికినప్పుడు అక్కడివాళ్ళు కూడా వేల టన్నుల డిటర్జెంట్లు చల్లారు. తీరంలోని జీవరాశికి చమురు కంటె ఆ డిటర్జెంటే ఎక్కువ కీడు చేసిందని తర్వాత తేలింది. అంత పెద్ద దేశం చేసిన పొరపాటునే మున్నేటి ఒడ్డున నేను చేశాను.

అడుగుకు దిగేది

బరువైన నూనె ఇసుకనూ ఒండ్రునూ అంటుకుని మెల్లగా అడుగుకు దిగుతుంది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 2010 జూలైలో ఒక గొట్టపు మార్గం పగిలి ముప్ఫై లక్షల లీటర్లకు పైగా బరువైన ముడి చమురు కాలమజూ నదిలో కలిసింది. నూనె తేలుతుంది కదా అని పైన తోడుకుంటూ పోతే, చాలా భాగం అడుగు బురదలో దొరికింది. ఆ బురదను తవ్వి తీసే పని 2014 దాకా సాగింది. తాబేళ్ళను వేల సంఖ్యలో పట్టి కడిగి వదలవలసి వచ్చింది.

ఏటి అడుగున ఉండేవారెవరు? నత్తలు, ఆల్చిప్పలు, ఎర్రలు, తూనీగ పిల్లలు, రొయ్య పిల్లలు. వీటిని తినే ఎర్రమోసు, జెల్ల. ఆల్చిప్ప నీటిని వడగట్టుకుని బతుకుతుంది. అది పారిపోలేదు, చేపలాగా విషాన్ని విరుచుకోనూ లేదు. వచ్చిందంతా ఒంట్లోనే దాచుకుంటుంది. కావున పై నీరు తేటపడి నెలలు గడిచినా అడుగున కథ ముగియదు.

ప్రాణవాయువు లెక్క

నూనెను తినే సూక్ష్మజీవులు ప్రకృతిలో ఉన్నాయి. చివరికి ఏటిని శుభ్రం చేసేవి అవే. కానీ ఆ ఉపకారానికి ధర ఉంది. రసాయనశాస్త్రం ప్రకారం ఒక గ్రాము నూనె పూర్తిగా బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారడానికి దాదాపు మూడున్నర గ్రాముల ప్రాణవాయువు కావాలి. 30 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో నిండుగా కరిగే ప్రాణవాయువు ఏడున్నర మిల్లీగ్రాములే. అంటే ఒక్క గ్రాము నూనె కుళ్ళడానికి సుమారు నాలుగువందల యాభై లీటర్ల నీటిలోని ప్రాణవాయువు ఖర్చు! ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. పారే నీటిలో ఆ లోటు పూడుతూ ఉంటుంది కూడా. పారకుండా నిలిచిపోయిన వేసవి మడుగులో, పైన నూనె కప్పు వల్ల గాలి సరిగా సోకని చోట, ఆ లోటు పూడ్చేదెవరు?

అందుకే సముద్రంలో ఓడ మునిగితేనే వార్త అనుకోకూడదు. సముద్రానికి విస్తారముంది, అలలున్నాయి. మడుగులో చేపకు పారిపోవడానికి పక్కవీధి లేదు.

పెద్ద ప్రమాదాలు

చమురు బావులు మనకు కొత్త కాదు. కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న బద్దలై అరవై అయిదు రోజులు మండిన సంగతి మన పూర్వ విద్యార్థులు మరచిపోయి ఉండరు. అది ప్రధానంగా గ్యాసు మంట. మంచినీటి మీద చమురు పడితే ఏమౌతుందో మన దేశంలో కళ్ళకు కట్టింది మాత్రం అస్సాంలోని బాగ్‌జాన్.

తిన్‌సుకియా జిల్లాలో ఆయిల్ ఇండియా సంస్థకు చెందిన బాగ్‌జాన్ 5వ నంబరు బావి 2020 మే 27న అదుపు తప్పింది. గ్యాసుతో పాటు పలచని చమురు జల్లులా ఎగజిమ్మి చుట్టుపక్కల పొలాల మీద, తేయాకు తోటల మీద, మాగురి–మోటాపుంగ్ అనే చిత్తడి సరస్సు మీద పడింది. జూన్ 9న మంటలంటుకుని ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వేలమంది శిబిరాల పాలయ్యారు. సరస్సులో చేపలు చచ్చి తేలాయి, గంగా డాల్ఫిన్ కళేబరం ఒకటి దొరికింది. బావిని పూర్తిగా అణచేసరికి నవంబరు 15 అయింది. ఆ సరస్సుకు మాగురి అన్న పేరు ఒకప్పుడు అక్కడ విరివిగా దొరికిన మాగుర్ చేప వల్ల వచ్చిందట. మాగుర్ అంటే మరేమో కాదు, మన మార్పు చేపే.

బాగ్‌జాన్ ఎక్కడో ఉందని మనం నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. మన జగ్గయ్యపేట, నందిగామల మీదుగా పోయే జాతీయ రహదారి మీద చమురు ట్యాంకర్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర ఆ రహదారి మీదికే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో మళ్ళీ వరద. వరద నీరు ఒక షెడ్డులోకి దూరితే అక్కడి డ్రమ్ముల్లో ఉన్నదంతా ఏటిపాలే. మున్నేరు కృష్ణలో కలుస్తుంది. ఆ నీరు ప్రకాశం బ్యారేజీ చేరి, కాలువల వెంట డెల్టా ఊళ్ళకు పోతుంది. మెట్టన ఒలికిన చుక్కకు పల్లం దారి ఎవరూ చూపనక్కరలేదు.

మన చేతిలో ఉన్నది

మొదటిది, పాత ఆయిలును నేల మీద గాని నీటిలో గాని పోయకూడదు. డబ్బాలో పట్టి ఉంచాలి. వాడిన ఆయిలును అధీకృత శుద్ధి కేంద్రాలకే చేర్చాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. ఏటిని కలుషితం చేయడం నేరమని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఏనాడో చెప్పింది.

రెండవది, బండ్లనూ ఇంజన్లనూ ఏటిలో, చెరువులో కడగరాదు. నీటికి దూరంగా, మట్టి కట్ట వేసుకుని కడగాలి.

మూడవది, పొరపాటున నూనె ఒలికితే సబ్బు చల్లవద్దు. వరిగడ్డి మోపులు తాళ్ళతో కట్టి నీటికి అడ్డంగా వేస్తే పైన తేలే నూనెను చాలావరకు పట్టి ఉంచుతాయి. తడిసిన గడ్డిని ఒడ్డుకు లాగి విడిగా ఉంచాలి, పశువులకు వేయకూడదు. అయితే ట్యాంకరు బోల్తాపడిన చోటికి మాత్రం ఈ సాహసాలతో పోవద్దు. బీడీ కూడా వెలిగించకుండా దూరంగా ఉండి అగ్నిమాపక దళానికి కబురు చేయాలి.

నాలుగవది, చమురు వాసన వేసే చేపను తినవద్దు, అమ్మవద్దు. పశువులను ఆ నీటికి తోలవద్దు.

ఐదవది, తొలకరిలో మరింత జాగ్రత్త. మృగశిర కార్తెలో చేప తినాలని మనం పేటకు పరుగెత్తే రోజుల్లోనే చేపలు గుడ్లు పెట్టడానికి కొత్త నీటికి ఎదురెక్కుతాయి. అప్పుడు ఒలికిన లీటరు మిగతా రోజుల్లో పది లీటర్ల పెట్టు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఏటి ఒడ్డున ఆ తాత కనిపించాడు. ఇంతకాలం దాచుకున్న మాట చెప్పేశాను. "తాతా, ఆ వేసవిలో మడుగులో ఆయిలు పోసింది నేనే" అన్నాను. ఆయన వల దులుపుకుంటూ కాసేపు పలకలేదు. తర్వాత, "ఆ వారం మా ముసల్దాని మందులకు అప్పు చేశా మనవడా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ, "పరిగెలు మరుసటేడే వచ్చినయ్యిలే. ఆ మూలన ఆల్చిప్పలే ఇంకా రాలా" అన్నాడు.

అడుగున ఉన్నవి చివరికి గాని కోలుకోవని మేము పుస్తకాల్లో చదివి పరీక్షల్లో రాస్తాం. ఆ తాత ఏ పుస్తకమూ చదవకుండా చెప్పాడు. ఆ మూల నుంచి ఇసుక కూడా తవ్వుతున్నారు కనుక తప్పంతా నా నూనెదేనని అనలేను. నాది కాదనీ అనలేను.

ఇప్పుడు మా పశువుల కొట్టంలో మూత బిగించిన ఒక డబ్బా ఉంది. పాత ఆయిలు అందులోకే పోతుంది. మా నాన్న దాని మీద సున్నంతో పెద్ద అక్షరాలతో "ఏటికి కాదు" అని రాయించాడు. మిత్రులారా, సెలవులకు మీ మీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఇటువంటి డబ్బా ఒకటి మీ కొట్టాల్లోనూ పెట్టించండి. నూనె నీళ్ళలో కలవదని ఎవరైనా అంటే, కలిసే ఆ కొద్ది సంగతీ వాళ్ళకు చెప్పండి.